ఊరి పటానికి ఏ సాఫ్ట్‌వేర్?

గ్రామ చరిత్ర రాయదలచిన ఉపాధ్యాయుడికైనా, చెరువు కింది ఆయకట్టు లెక్క తేల్చుకోవాలనుకునే రైతు సంఘానికైనా, శాసనాల మీద పరిశోధన చేసే విద్యార్థికైనా, చిన్న ప్రచురణ సంస్థకైనా పటం అవసరమైనప్పుడు మొదట ఎదురయ్యే ప్రశ్న ధర. పటాలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ అనగానే ప్రభుత్వ శాఖలూ పెద్ద ఇంజినీరింగ్ కంపెనీలూ మాత్రమే భరించగల లైసెన్సులు గుర్తుకొచ్చే కాలం ఒకటి ఉండేది. ఆ కాలం ఎప్పుడో గడిచిపోయినా భయం మాత్రం చాలామందిలో అలాగే మిగిలిపోయింది. అందువల్ల కొందరు అసలు పటమే వద్దనుకుంటున్నారు, మరికొందరు ఫోన్‌లో కనిపించిన పటాన్ని స్క్రీన్‌షాట్ తీసి పుస్తకంలో అచ్చు వేసేస్తున్నారు. రెండూ నష్టమే. మొదటి దారిలో ఊరి గురించి పెద్దలకు తెలిసిన సంగతులు కాగితం మీదికి ఎక్కకుండానే పోతాయి. రెండో దారిలో వచ్చిన పటాన్ని సరిదిద్దే వీలుండదు, చాలా సందర్భాల్లో దాన్ని అచ్చు వేసుకునే హక్కు కూడా ఉండదు.

సాఫ్ట్‌వేర్ ఖర్చు అంటే కొన్న రోజు చెల్లించే సొమ్ము ఒక్కటే కాదన్నది ఇక్కడ మొదట గ్రహించవలసిన విషయం. ఏటేటా కట్టే చందా, నేర్చుకోవడానికి పట్టే కాలం, లైసెన్సు గడువు తీరాక పాత పటాలు తెరుచుకుంటాయా లేదా అన్న సందేహం, పని మొదలుపెట్టిన మనిషి బదిలీ అయి వెళ్లిపోతే తర్వాతి మనిషి అందుకోగలడా అన్న ప్రశ్న, ఇవన్నీ ఖర్చులోకే వస్తాయి. ఈ లెక్కలన్నీ కలిపి చూసినప్పుడు తెలుగు నేల మీద స్థానికంగా పటాలు గీసే వారిలో అత్యధికులకు తగిన పనిముట్టు క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ అని నిస్సంకోచంగా చెప్పవచ్చు. అయితే దాన్ని ఎందుకు ఎంచుకోవాలో, ఎక్కడ అది చాలదో తెలియకుండా ఎంచుకుంటే ప్రయోజనం సగమే దక్కుతుంది.

గీతకు భూమి మీద చోటు

బొమ్మలు గీసే ప్రోగ్రాముకూ పటాల సాఫ్ట్‌వేర్‌కూ ఉన్న అసలు తేడా ఏమిటంటే, రెండోదాంట్లో గీసిన ప్రతి గీతకూ భూమి మీద ఒక నిర్దిష్ట స్థానం, దాని వెనుక ఒక పట్టిక ఉంటాయి. చెరువు హద్దు గీస్తే ఆ ఆకారంతోపాటు చెరువు పేరు, సర్వే నంబరు, తూముల సంఖ్య, అలుగు పారే దిక్కు వంటి వివరాలు పట్టికలో నిలుస్తాయి. వాటి ఆధారంగా పటానికి రంగులు వేయవచ్చు, విస్తీర్ణాలు లెక్కకట్టవచ్చు, ఒక వాగుకు అర కిలోమీటరు లోపు ఉన్న బావులు ఏవేవో వెతకవచ్చు. ఇలా స్థానాన్నీ సమాచారాన్నీ జోడించే ఏర్పాటునే భౌగోళిక సమాచార వ్యవస్థ అనీ, వాడుకలో జీఐఎస్ అనీ అంటారు. ఇందులో సమాచారం రెండు రూపాల్లో ఉంటుంది: బిందువులు, గీతలు, ఆవరణలుగా గీసినదాన్ని వెక్టర్ అంటారు, ఉపగ్రహ చిత్రంలాగా చిన్నచిన్న చదరపు గడులతో ఏర్పడినదాన్ని రాస్టర్ అంటారు. ఒక్కొక్క విషయం ఒక్కొక్క పొరగా, అంటే లేయర్‌గా, ఒకదానిమీద ఒకటి పరిచిన పారదర్శక కాగితాల మాదిరిగా అమరుతుంది.

ఈ రంగంలో చిరకాలంగా పెద్ద పేరు అమెరికాలోని కాలిఫోర్నియాకు చెందిన ఎస్రీ కంపెనీది. 1969లో మొదలైన ఈ సంస్థ తయారుచేసే ఆర్క్‌జీఐఎస్ ఉత్పత్తులు మన దేశంలోని ప్రభుత్వ శాఖల్లో, విశ్వవిద్యాలయాల్లో విస్తారంగా వాడుకలో ఉన్నాయి. అవి శక్తిమంతమైనవే, సందేహం లేదు; వ్యక్తిగత అవసరాలకు తక్కువ ధరలో వార్షిక లైసెన్సు కూడా ఆ సంస్థ ఇస్తుంది. కానీ ఆ లైసెన్సుతో వ్యాపారపరమైన పని చేయకూడదు, గడువు తీరాక మళ్లీ డబ్బు కట్టాలి. ఒక తరం విద్యార్థులు నేర్చుకున్న ఆర్క్‌మ్యాప్ అనే ప్రోగ్రామునే తీసుకుంటే, దానికి మద్దతు 2026 మార్చి 1 వరకే ఉంటుందని కంపెనీయే ముందుగా ప్రకటించింది. ఎప్పుడు దేన్ని ఆపాలన్నది తయారీదారు నిర్ణయం; వాడేవారి చేతిలో ఏమీ ఉండదు.

క్యూజీఐఎస్ ప్రస్థానం వేరు. పోస్ట్‌జీఐఎస్ అనే భౌగోళిక డేటాబేస్‌లోని సమాచారాన్ని తెర మీద చూసుకోవడానికి ఒక చిన్న సాధనం కావాలన్న ఉద్దేశంతో 2002లో గ్యారీ షెర్మన్ దీన్ని మొదలుపెట్టాడు. 2009లో దాని 1.0 వెర్షన్ వచ్చింది. అంతవరకు క్వాంటమ్ జీఐఎస్‌గా ఉన్న పేరు 2013లో 2.0 వెర్షన్‌తో క్యూజీఐఎస్‌గా స్థిరపడింది. జీఎన్‌యూ జనరల్ పబ్లిక్ లైసెన్సు కింద వెలువడుతున్నందువల్ల దీన్ని ఎవరైనా ఎన్ని కంప్యూటర్లలోనైనా పెట్టుకోవచ్చు, మరొకరికి కాపీ చేసి ఇవ్వవచ్చు, మూల కోడ్‌ను మార్చుకోవచ్చు, దీనితో చేసిన పటాన్ని అమ్ముకోవచ్చు. విండోస్‌లోనూ లినక్స్‌లోనూ మ్యాక్‌లోనూ ఇది పనిచేస్తుంది. ఏడాదికొకసారి దీర్ఘకాల మద్దతు గల వెర్షన్ విడుదలవుతుంది. కొత్త సౌకర్యాల మీద మోజుకంటే పని ఆగకుండా సాగడం ముఖ్యమనుకునేవారు ఆ వెర్షన్‌నే తీసుకోవడం మంచిది.

దీని బలం ఒక్క ప్రోగ్రాముది కాదు. రకరకాల ఫైళ్లను చదివి, ఒక రూపం నుంచి మరో రూపానికి మార్చే జీడాల్ అనే సాధనాల సముదాయం 1998 నుంచి ఎదుగుతూ వచ్చి క్యూజీఐఎస్ లోపల నిశ్శబ్దంగా పనిచేస్తుంది. అమెరికా సైన్యపు నిర్మాణ పరిశోధన ప్రయోగశాలలో 1982లో రూపకల్పన మొదలై, తర్వాత స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గా మారిన గ్రాస్ జీఐఎస్ కూడా దానితోపాటే కంప్యూటర్‌లోకి వస్తుంది. విడివిడిగా కొనవలసి వస్తే పెద్ద బడ్జెట్ అడిగే విశ్లేషణలు ఒకే మెనూలో దొరకడం వెనుక ఇన్ని దశాబ్దాల ఉమ్మడి శ్రమ ఉంది.

ఒక చెరువు, నాలుగు చిక్కులు

సాఫ్ట్‌వేర్ మంచిచెడ్డలు ప్రకటనల్లో తేలవు, పనిలోనే తేలుతాయి. ఒక ఊరి చెరువును, దాని ఆయకట్టును పటంగా గీయడం ఎలా సాగుతుందో దగ్గరగా చూస్తే ఏ సౌకర్యం నిజంగా అవసరమో అర్థమవుతుంది. కాకతీయుల కాలం నుంచీ గొలుసుకట్టు చెరువుల మీద బతికిన ప్రాంతానికి ఇంతకంటే తగిన ఉదాహరణ దొరకదు. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయ పథకానికి లెక్కలోకి తీసుకున్న చెరువులే 46 వేలకు పైగా ఉన్నాయి.

మొదటి చిక్కు పాత గ్రామ నక్షాను కంప్యూటర్‌లోకి ఎక్కించి భూమి మీద దాని స్థానానికి కట్టివేయడం. దీన్ని జియోరెఫరెన్సింగ్ అంటారు. స్కాన్ చేసిన నక్షా మీద కచ్చితంగా గుర్తుపట్టగల చోట్లను, అంటే మూడు గ్రామాల పొలిమేరలు కలిసే చోట పాతిన రాయి, పాత గుడి, కట్ట మీది తూము వంటివాటిని ఎంచుకుని, ఉపగ్రహ చిత్రంలో అవే చోట్లను చూపిస్తే సాఫ్ట్‌వేర్ నక్షాను సాగదీసి, తిప్పి, సరైన చోట కూర్చోబెడుతుంది. లెక్క ప్రకారం మూడు బిందువులు చాలు. పది బిందువులు నక్షా అంతటా పరుచుకునేలా పెడితే ఏ బిందువు ఎంత దూరం తప్పిందో పట్టికలో కనిపిస్తుంది, తప్పు పట్టుకోవడం తేలికవుతుంది. క్యూజీఐఎస్‌లో ఈ సౌకర్యం దానితోపాటే వస్తుంది, విడిగా కొనవలసిన పని లేదు.

అయితే ఇక్కడ సాఫ్ట్‌వేర్ దాటలేని హద్దు ఒకటి ఉంది. మద్రాసు రాష్ట్రపు సర్వే పద్ధతిలో తయారైన గ్రామ పటాలు ఎక్కువగా మైలుకు 16 అంగుళాల స్కేలులో ఉంటాయి. అంటే కాగితం మీద ఒక అంగుళం నేల మీద ఐదు గొలుసులు, 330 అడుగులు. ఆ స్కేలులో అర మిల్లీమీటరు మందంతో గీసిన సిరా గీత నేల మీద దాదాపు రెండు మీటర్ల వెడల్పున్న గట్టుకు సమానం. గీతే రెండు మీటర్లున్నప్పుడు లక్షల రూపాయల సాఫ్ట్‌వేర్ అయినా అంతకు మించిన కచ్చితత్వాన్ని దాంట్లోంచి పిండలేదు. పొలం గట్టు తగాదాలకు ఎఫ్‌ఎంబీనో టిప్పన్‌నో, అంటే ఒక్కొక్క సర్వే నంబరుకు కొలతలతో గీసిన అసలు చిత్రాన్నో ఆశ్రయించవలసిందే.

రెండో చిక్కు ప్రక్షేపానిది. గుండ్రని భూమిని చదునైన కాగితం మీదికి దించే గణిత పద్ధతినే ప్రక్షేపం అంటారు. వెబ్‌లో కనిపించే పటాలు దాదాపు అన్నీ వెబ్ మెర్కేటర్ అనే ప్రక్షేపంలో ఉంటాయి. అది భూమధ్యరేఖకు దూరంగా పోయేకొద్దీ వైశాల్యాలను పెంచి చూపిస్తుంది. 17 డిగ్రీల అక్షాంశం దగ్గర, అంటే హైదరాబాద్, విశాఖపట్నం చుట్టుపక్కల, ఆ పెరుగుదల తొమ్మిది శాతం పైనే. ఆ ప్రక్షేపంలోనే చదునుగా లెక్కకడితే నూరెకరాల చెరువు నూటతొమ్మిది ఎకరాలవుతుంది. శిఖం (చెరువు గర్భం) భూమి మీద వివాదం ఉన్న ఊళ్లో ఆ తొమ్మిది ఎకరాలు చిన్న విషయం కాదు. క్యూజీఐఎస్ భూమి ఆకారాన్ని లెక్కలోకి తీసుకుని కూడా విస్తీర్ణం చెప్పగలదు, చదునుగానూ చెప్పగలదు. ఏది అడుగుతున్నామో తెలిసి అడగాలి. వచ్చిన చదరపు మీటర్లను 4,046.86తో భాగిస్తే ఎకరాలు, 40.47తో భాగిస్తే సెంట్లు, 101.17తో భాగిస్తే గుంటలు వస్తాయి.

స్థానిక పనికి యూటీఎం అనే పద్ధతి మేలు. అది భూమిని ఆరేసి డిగ్రీల వెడల్పు గల మండలాలుగా విడగొడుతుంది. 78 నుంచి 84 డిగ్రీల తూర్పు రేఖాంశాల మధ్య ఉన్న 44వ మండలంలో హైదరాబాద్, వరంగల్, విజయవాడ, విశాఖపట్నం ఉంటాయి. కానీ అనంతపురం, ఆదోని 43వ మండలంలోకి, పలాస, ఇచ్ఛాపురం 45వ మండలంలోకి వెళ్లిపోతాయి. ఒక్క ఆంధ్రప్రదేశ్ మీదుగానే మూడు మండలాలు పోతున్నాయన్నమాట. ఈపీఎస్‌జీ అనే అంతర్జాతీయ జాబితాలో వీటి సంఖ్యలు వరుసగా 32643, 32644, 32645. పటం మొదలుపెట్టే ముందు ఊరు ఏ యూటీఎం మండలంలోదో చూసి ఈ సంఖ్యను ఎంచుకుంటే తర్వాతి తలనొప్పులు సగం తప్పుతాయి. భారత సర్వే శాఖ పాత టోపోషీట్లు ఎవరెస్ట్ దీర్ఘవృత్తాభం అనే పాత భూ నమూనా ఆధారంగా తయారైనవి కనుక, ఫోన్ జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్84తో వాటిని నేరుగా కలిపితే వంద మీటర్లకు పైగా తేడా రావచ్చు. ఈ మార్పిడి సౌకర్యం లేని చవక సాధనాలను, ఎంత తేలికగా కనిపించినా, పాత పటాల పనికి దూరం పెట్టాలి.

మూడోది పరీవాహక ప్రాంతం, అంటే ఏ మేర కురిసిన వాన ఆ చెరువులోకి చేరుతుందో చూపే ఆవరణ. దీనికి నేల ఎత్తుపల్లాల సమాచారం కావాలి. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ అంతరిక్ష నౌక పదకొండు రోజులపాటు రాడార్‌తో కొలిచిన ఎస్ఆర్‌టీఎం ఎత్తుల పట్టిక సుమారు 30 మీటర్ల గడులతో ఉచితంగా దొరుకుతుంది. మన కార్టోశాట్-1 చిత్రాల నుంచి తయారైన ఎత్తుల నమూనాను హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం 2009లో మొదలైన భువన్ వేదిక ద్వారా అందిస్తోంది. గ్రాస్‌లోని వాటర్‌షెడ్ సాధనం ఈ ఎత్తులను చదివి వాగుల దారులను, పరీవాహకాన్ని గీసిపెడుతుంది. కానీ 30 మీటర్ల గడికి సన్నని చెరువు కట్ట కనిపించదు, రోడ్డు కింది కల్వర్టు అసలే తెలియదు. గీసిన దారిని ఊళ్లో నీరుకట్టు మనిషితో కలిసి నడిచి చూసుకోవడం ఏ సాఫ్ట్‌వేర్ వాడినా తప్పదు. ఆ నడకకు క్యూఫీల్డ్ అనే ఉచిత ఫోన్ యాప్ ఉంది. కంప్యూటర్‌లో తయారుచేసుకున్న పొరలనే అది పొలంలోకి తీసుకెళ్తుంది, తూము దగ్గర నిలబడి ఫొటోతో సహా వివరాలు చేర్చి వెనక్కి తెచ్చుకోవచ్చు.

నాలుగో చిక్కు తెలుగు లిపి. ఆంగ్ల అక్షరాలను మాత్రమే దృష్టిలో పెట్టుకుని రూపొందిన ప్రోగ్రాముల్లో వత్తులు విడిపోయి, గుణింతాలు పక్కకు జరిగి, శ్రీకాకుళం చదవడానికి వీల్లేని ముక్కలవుతుంది. క్యూజీఐఎస్ యూనికోడ్ తెలుగును సరిగానే కూర్చుతుంది. మండలి, రామభద్ర, సురవరం, నోటో సాన్స్ తెలుగు వంటి ఉచిత ఫాంట్లు దాంట్లో ఇబ్బంది లేకుండా పనిచేస్తాయి. అయినా నది వంపు వెంట అక్షరాలను పేర్చేటప్పుడు ప్రతి పేరునూ కంటితో సరిచూసుకోవాలి. గుడులు పైకి, వత్తులు కిందికి పెరిగే లిపి కనుక ఆంగ్ల పటాల్లోని అక్షర పరిమాణం మనకు సరిపోదు. ఒకటి రెండు పాయింట్లు పెంచితేనే అచ్చులో కన్ను నిలుస్తుంది. యూనికోడ్ కాని అను ఫాంట్లలో కంపోజ్ చేసిన పేర్లు నేరుగా పనికిరావు, ముందు యూనికోడ్‌లోకి మార్చుకోవాలి.

లిపి విషయంలో ఫైలు రూపం ఎంపిక ఇంకా ముఖ్యం. జీఐఎస్ లోకమంతా పరచుకున్న షేప్‌ఫైల్ అనే పాత రూపంలో పట్టిక గడి శీర్షికకు పది బైట్లే చోటు. యూనికోడ్‌లో ఒక్కో తెలుగు సంకేతం మూడు బైట్లు తీసుకుంటుంది. చెరువు అనే మాటలో అలాంటివి ఆరు, మొత్తం పద్దెనిమిది బైట్లు. అంటే ఆ ఒక్క మాట కూడా శీర్షికగా పట్టదు. గడిలో రాసే పాఠానికీ 254 బైట్లే హద్దు కనుక ఎనభై నాలుగు తెలుగు సంకేతాల దగ్గర వాక్యం తెగిపోతుంది. 2014లో ప్రమాణంగా వచ్చిన జియోప్యాకేజ్ అనే రూపానికి ఈ ఇరుకు లేదు. పొరలన్నీ ఒకే ఫైలులో ఉంటాయి, పెన్‌డ్రైవ్‌లో వేసి పంచాయతీకి ఇవ్వడమూ తేలికే. తెలుగులో పేర్లు రాసుకునేవారు మొదటి రోజు నుంచే దీన్ని వాడితే మంచిది.

ఉచిత సేవ, ఉచిత సాఫ్ట్‌వేర్

వెబ్ బ్రౌజర్‌లోనే పటం గీసుకునే సేవలు కొన్ని మరీ తేలిక. గూగుల్ మై మ్యాప్స్‌లో ఒక సాయంత్రంలో యాత్రాస్థలాల పటం తయారవుతుంది. పది పొరలు, పొరకు రెండు వేల అంశాల వరకు అనుమతి ఉంది. పాఠశాల ప్రాజెక్టుకు, పండుగ ఊరేగింపు దారికి అది చక్కగా సరిపోతుంది. గతంలో ఏడాదికి 399 డాలర్లున్న గూగుల్ ఎర్త్ ప్రో కూడా 2015 నుంచి ఉచితమే. పాత ఉపగ్రహ చిత్రాలను ఏళ్ల వారీగా వెనక్కి జరిపి చెరువు ఎలా కుంచించుకుపోయిందో చూడడానికి అంతకంటే తేలికైన సాధనం లేదు. కానీ కంపెనీ నడిపే ఉచిత సేవ కంపెనీ ఇష్టం ఉన్నంత కాలమే ఉంటుంది. మన దేశంలో ఎందరో ఔత్సాహికులు ఊళ్ల రోడ్లను శ్రమించి గీసిన గూగుల్ మ్యాప్ మేకర్ 2017 మార్చిలో మూతపడింది. పత్రికా రచయితలు మక్కువతో వాడిన ఫ్యూజన్ టేబుల్స్ 2019 డిసెంబరులో ఆగిపోయింది. కంప్యూటర్‌లో దిగుమతి చేసుకున్న స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను అలా వెనక్కి తీసుకోవడం ఎవరి తరమూ కాదు. ఏళ్ల తరబడి సాగవలసిన పనిని ఈ తేడా చూసే ఎక్కడ పెట్టాలో నిర్ణయించుకోవాలి.

సమాచారానికీ ఇదే వర్తిస్తుంది. 2004లో స్టీవ్ కోస్ట్ బ్రిటన్‌లో ప్రారంభించిన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోని రోడ్లు, వాగులు, ఊళ్ల పేర్లను ఎవరైనా వాడుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు. ఆ ప్రాజెక్టులో పాల్గొన్నవారి నుంచి తీసుకున్నట్టు పటం మీద రాయడం షరతు. మన ఊళ్లు అందులో చాలాచోట్ల ఖాళీగా ఉంటాయన్నది నిజమే. ఆ ఖాళీలను నింపేది కూడా ఊరివాళ్లే కావాలి. మన దేశంలో 2021 ఫిబ్రవరి 15న కేంద్రం వెలువరించిన మార్గదర్శకాలు, భారతీయులు పటాల సమాచారం సేకరించడానికీ ప్రచురించడానికీ అంతకుముందున్న ముందస్తు అనుమతుల భారాన్ని చాలావరకు తొలగించాయి. అయితే దేశ సరిహద్దుల విషయంలో జాగ్రత్త తప్పనిసరి. ఉచితంగా దొరికే ప్రపంచ పటాల్లో చాలావాటిలో జమ్మూకశ్మీర్ సరిహద్దు భారత సర్వే శాఖ పటంతో సరిపోలదు. ఆ శాఖ పటానికి భిన్నంగా దేశ పటాన్ని ప్రచురించడం చట్టరీత్యా నేరం. దేశం మొత్తం కనిపించే పటానికి సరిహద్దు రేఖను ఆ శాఖ నుంచే తీసుకోవాలి.

అచ్చుకు పంపే దశలో క్యూజీఐఎస్ ఒక్కదానితోనే సరిపెట్టుకోనక్కరలేదు. పటాన్ని పీడీఎఫ్‌గా గాని ఎస్‌వీజీగా గాని ఇచ్చేటప్పుడు అక్షరాలను ఆకృతులుగా మార్చే ఎంపిక పెట్టుకుంటే, ప్రెస్‌లో ఆ ఫాంటు లేకపోయినా వత్తులు చెదరవు. పేర్లు ఒకదానిమీద ఒకటి పడిన చోట జరపడం, సూచికను అందంగా అమర్చడం వంటి తుది మెరుగులకు ఇంక్‌స్కేప్ అనే ఉచిత చిత్రలేఖన ప్రోగ్రాము చాలు. పటాల్లో అందానికి ఇచ్చే విలువ తెలుగు ప్రచురణలో ఇప్పటికీ తక్కువే; చౌకగా దొరికిన సాధనంతోనైనా ఓపికగా కూర్చుంటే మంచి పటం వస్తుందని నిరూపించే పుస్తకాలు మరిన్ని రావాలి.

డబ్బు పెట్టవలసిన సందర్భాలు లేకపోలేదు. ప్రభుత్వ శాఖతో ఒప్పందం చేసుకున్న సంస్థను ఆ శాఖ నిర్దిష్టమైన ఆర్క్‌జీఐఎస్ రూపంలోనే ఫైళ్లు ఇమ్మని అడిగితే ఆ లైసెన్సు ఖర్చు పనిలో భాగమే అవుతుంది. ఫోన్ చేయగానే పలికే సాంకేతిక మద్దతు ఒప్పందం కావలసిన పెద్ద కార్యాలయాలకు కూడా అంతే; అయితే క్యూజీఐఎస్‌కు అలాంటి సేవను రుసుముకు అందించే కంపెనీలు కూడా ఉన్నాయి. మిగిలినవారు లైసెన్సుకు పెట్టదలచిన సొమ్మును ఎనిమిది జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌కు, నక్షాల నాణ్యమైన స్కానింగ్‌కు, ఒకరిద్దరు యువకుల శిక్షణకు మళ్లించడం తెలివైన పని. ఐఐటీ బొంబాయి స్పోకెన్ ట్యుటోరియల్ ప్రాజెక్టులో క్యూజీఐఎస్ పాఠాలు ఉచితంగా ఉన్నాయి. రోజుకు గంట చొప్పున కూర్చుంటే కొన్ని వారాల్లో తొలి పటం చేతికి వస్తుంది. భూమి హద్దుల నిర్ధారణ మాత్రం ఈ లెక్కలోకి రాదు. ఫోన్ జీపీఎస్ ఆరుబయట కూడా కొన్ని మీటర్ల తేడా చూపుతుంది కనుక, సెంటీమీటర్లలో తేలవలసిన గట్టు కోసం రోవర్ పరికరంతో వచ్చే సర్వేయరుకు ఫీజు కట్టవలసిందే.